వీలునామా లేని ఇంట్లో మైనరు పిల్లల వాటా

నలభై ఏళ్ల మనిషిని వీలునామా రాయమంటే "ఇప్పుడేం తొందర" అంటాడు. పక్కనున్న భార్య "అశుభం మాట్లాడకండి" అని కసురుతుంది. అందుకే చిన్న పిల్లల తండ్రి హఠాత్తుగా పోయినప్పుడు బీరువా వెతికితే ఇంటి పన్ను రసీదులు, ఎల్‌ఐసీ బాండ్లు, ఎవరికో రాసిచ్చిన ప్రోనోటు నకలు దొరుకుతాయి. వీలునామా మాత్రం దొరకదు. ఈ అధ్యాయం అలాంటి ఇంట్లో మిగిలిన తల్లికి, తాతకు, బాబాయికి, మేనమామకు.

మొదట ఒక్క సంగతి మనసులో గట్టిగా నాటుకోవాలి. మనిషి పోయిన క్షణంలోనే ఆయన ఆస్తి వారసులదైపోతుంది. మ్యుటేషన్ అయ్యాక కాదు, పెద్దమనుషులు కూర్చుని తేల్చాక కాదు, పిల్లలకు పద్దెనిమిది నిండాక అసలే కాదు. ఏడేళ్ల పాప ఆ రోజు నుంచే హక్కుదారు. ఆ వయసులో సంతకం చెల్లదు గనక ఆ వాటాను పెద్దలు చూసి పెడుతున్నారు, అంతే. "పిల్లలది మాది కాదా" అన్న మాట ప్రేమతోనే వస్తుంది. కానీ పిల్లలు నష్టపోయిన ఇళ్లలో చాలావాటికి ఆ మాటే మొదలు.

ఎవరికెంత

లెక్క తెలియకపోతే ఎవరేం చెప్పినా తల ఊపాల్సి వస్తుంది. ఒక ఇల్లు అనుకుందాం. భర్త పోయాడు. భార్య, పదకొండేళ్ల బాబు, ఏడేళ్ల పాప, భర్త తల్లిదండ్రులు ఇద్దరూ ఉన్నారు. ఆయన సంపాదించి కట్టిన ఇల్లు 40 లక్షలు చేస్తుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి తరగతి వారసులు భార్య, కొడుకు, కూతురు, తల్లి. నలుగురికీ సమాన వాటాలు, తలా పది లక్షలు. తండ్రి రెండో తరగతిలో ఉంటాడు కాబట్టి ఆయనకు ఇందులో ఏమీ రాదు. ఇది విని చాలామంది ఆశ్చర్యపోతారు. కోడలు "మొత్తం నాదే" అనుకుంటుంది, మామగారు "కొడుకు ఆస్తి నాది" అనుకుంటారు. రెండూ నిజం కాదు. అత్తగారికి పావు వాటా ఉందన్నది కోడలు ఒప్పుకోవాల్సిన సంగతి. మిగతా మూడు పావుల్లో రెండు పిల్లలవన్నది అందరూ ఒప్పుకోవాల్సిన సంగతి.

పూర్వీకుల నుంచి పంపకంలో వచ్చిన ఉమ్మడి భూమి అయితే లెక్క మారుతుంది. అదే మనిషికి అన్నదమ్ములతో పంపకాల్లో మూడెకరాలు వచ్చాయనుకోండి. అందులో కొడుకుకీ కూతురికీ పుట్టుకతోనే హక్కుంది. అంటే తండ్రికో ఎకరం, బాబుకో ఎకరం, పాపకో ఎకరం. తండ్రి పోయాక పంచేది ఆయన ఎకరాన్నే. దాన్ని నలుగురికి పంచితే తలా పాతిక సెంట్లు, తెలంగాణ లెక్కలో పది గుంటలు. చివరికి పిల్లలకు చెరో ఎకరం పాతిక సెంట్లు, భార్యకు పాతిక సెంట్లు, తల్లికి పాతిక సెంట్లు. పాసుపుస్తకంలో ఒక్క తండ్రి పేరే ఉన్నా ఆ పొలంలో ఎక్కువ భాగం పిల్లలదే. అది నిజంగా ఉమ్మడి ఆస్తా, స్వార్జితమా అన్నది పాత దస్తావేజులు చూసి వకీలు చెప్పాలి. ఊళ్లో వాళ్ల జ్ఞాపకాల మీద ఆధారపడకండి.

కూతురి వాటా దగ్గర తరచూ వినిపించే మాట ఒకటుంది: "దానికి పెళ్లి చేస్తాం కదా." ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు పుట్టుకతో హక్కు ఇవ్వడంలో దేశంలో ముందున్న రాష్ట్రాల్లో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రమూ ఒకటి. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా కూతుళ్లందరికీ ఆ హక్కు దక్కింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పెళ్లి ఖర్చు వాటాకు బదులు కాదు.

కడుపులో ఉన్న బిడ్డకూ వాటా ఉంది. తండ్రి పోయేనాటికి తల్లి గర్భవతి అయితే, ఆ బిడ్డ ప్రాణాలతో పుడితే, అప్పటికే పుట్టిన పిల్లలతో సమానం. అందుకే కాన్పు అయ్యేదాకా పంపకం మాట ఎత్తకూడదు. మొదటి భార్య ఉండగా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు, ఆమెకు భార్యగా వాటా రాదు. కానీ ఆమెకు పుట్టిన పిల్లలకు తండ్రి సొంత ఆస్తిలోనూ, ఉమ్మడిలో తండ్రి వంతుకు వచ్చిన దానిలోనూ మిగతా పిల్లలతో సమానంగా వస్తుంది. 2023లో సుప్రీంకోర్టు దీన్ని మళ్లీ స్పష్టం చేసింది. కోపం ఎవరి మీద ఉన్నా, ఆ పసివాళ్ల పేరు కుటుంబ సభ్యుల పత్రంలోంచి దాచడం అన్యాయం, కోర్టులో నిలవదు కూడా.

తాత పోయినప్పుడు ఇంకో మాట పుడుతుంది: "వాళ్ల నాన్న ముందే పోయాడు, ఇక వాళ్లకేముంది?" హిందూ చట్టంలో ముందే పోయిన కొడుకు పిల్లలు, ముందే పోయిన కూతురి పిల్లలు కూడా మొదటి తరగతి వారసులే. తల్లి గానీ తండ్రి గానీ బతికి ఉంటే వచ్చే వాటాలోంచి వాళ్లకు వస్తుంది. ముస్లిం కుటుంబాల్లో అలా కాదు. తాతకు వేరే కొడుకు బతికి ఉంటే, ముందే పోయిన కొడుకు పిల్లలకు వాటా రాదు. ఆ తాతకు మనవల మీద ప్రేమ ఉంటే బతికుండగానే హిబా, అంటే దానం, ఇవ్వాలి, లేదా మూడో వంతుకు మించకుండా వీలునామా రాయాలి. ఇంకో ముఖ్యమైన తేడా కూడా ఉంది. ముస్లిం చట్టంలో మైనరు ఆస్తికి తల్లి సహజ సంరక్షకురాలు కాదు, కోర్టు నియమించాల్సిందే. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు సమానంగా. షెడ్యూల్డు తెగలకు హిందూ వారసత్వ చట్టం నేరుగా వర్తించదు, వాళ్ల ఆచారం చూడాలి.

తల్లి పోయినప్పుడు ఈ లెక్కలు ఎవరూ వేయరు. అది మన ఇళ్లలో పెద్ద లోపం. హిందూ స్త్రీ వీలునామా లేకుండా పోతే ఆమె ఇల్లు, పొలం, బంగారం భర్తకూ పిల్లలకూ సమానంగా వస్తాయి. పుట్టింటివారు పెట్టిన నగలైనా సరే, పిల్లలుంటే పిల్లలకు వాటా ఉంది. నాన్న మళ్లీ పెళ్లి చేసుకునేలోగా ఆ నగలను తూకం వేయించి, ఫొటోలు తీయించి, జాబితా రాసి ఇరువైపుల పెద్దలు సంతకాలు చేయడం మంచిది. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆమె సహజం కాని కారణంతో చనిపోతే, ఆమెకిచ్చిన కట్నం పిల్లలకే చెందుతుందని వరకట్న నిషేధ చట్టం చెబుతోంది. పిల్లలు లేకపోతే అది ఆమె తల్లిదండ్రులకు చేరుతుంది.

పెద్దకర్మ నాటి సంతకం

పెద్దకర్మ అయిపోతుంది, చుట్టాలు వెళ్లిపోతారు. ఇంట్లో వాళ్లు నలుగురు కూర్చుంటారు. "అమ్మా, నువ్వు ఆఫీసుల చుట్టూ ఏం తిరుగుతావు, ఇక్కడో సంతకం పెట్టు, మిగతాది నేను చూసుకుంటాను" అంటారు బావగారు. నిజంగానే సాయం చేద్దామని అంటారు. ఆ కాగితం హక్కు విడుదల దస్తావేజు కావచ్చు, జీపీఏ, అంటే ఆస్తి వ్యవహారాలన్నీ అప్పగించే అధికార పత్రం కావచ్చు, ఖాళీ స్టాంపు పేపరు కావచ్చు. పది రోజులుగా కంటి మీద కునుకు లేని మనిషి చదవకుండా సంతకం చేస్తుంది.

ఆ సమయంలో అనాల్సిన మాట సులువే: "బావగారూ, కాగితం ఇంట్లో ఉంచండి. మా అన్నయ్యకు చూపించి చెబుతాను." ఇది అవమానించడం కాదు. పిల్లల ఆస్తి చూసే తల్లికి ఉండాల్సిన జాగ్రత్త. నా సలహా, మొదటి మూడు నెలలు దస్తావేజు ఏదీ రాయకండి. అమ్మకం వద్దు, విడుదల వద్దు, జీపీఏ వద్దు. తన వాటా వదులుకునే హక్కు తల్లికి ఉంది. పిల్లల వాటా వదులుకునే హక్కు ఆమెకూ లేదు, తాతకూ లేదు.

ఆ మూడు నెలల్లో చేయాల్సిన పని వేరే ఉంది. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, ధ్రువపత్రాలు పది నకళ్లు తీసుకోవాలి. పేరు అక్షరాలు ఆధార్‌లో, పాసుపుస్తకంలో, బ్యాంకులో ఒకేలా ఉన్నాయో లేదో అప్పుడే చూసుకోవాలి. తర్వాత నెలలు తిప్పేది ఈ అక్షరాల తేడాలే. మీసేవలోనో సచివాలయంలోనో దరఖాస్తు పెట్టి తహసీల్దారు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అందులో పిల్లలందరి పేర్లు, వయసులు, పోయిన మనిషి తల్లి పేరు ఉండాలి. ఆ పత్రం వారసులెవరో చెబుతుంది గానీ వాటాలు తేల్చదు. నామినీ లేని పెద్ద డిపాజిట్లకు, షేర్లకు సివిల్ కోర్టు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రం అడగవచ్చు.

పొలానికి ఫౌతి పెట్టేటప్పుడు, అంటే పోయిన మనిషి పేరు బదులు వారసుల పేర్లు రికార్డులో ఎక్కించేటప్పుడు, పిల్లల పేర్లు కూడా ఎక్కించమని అడగండి: మైనరు ఫలానా, సంరక్షకురాలు తల్లి ఫలానా అని. "ఇప్పటికి అమ్మ పేరున చేయిస్తే పని తేలిక" అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. పని తేలికే, పదేళ్ల తర్వాత పిల్లలు తమ వాటా రుజువు చేసుకోవడం మాత్రం కష్టం.

పోయిన మనిషి బ్యాంకు పాసుబుక్కును ముందు పెట్టుకుని రెండేళ్ల పేజీలు ఒక్కొక్క వరసా చదవండి. మే నెలాఖరు ప్రాంతంలో 436 రూపాయలు, 20 రూపాయలు కోసినట్టు కనిపిస్తే, అవి ప్రధానమంత్రి జీవనజ్యోతి, సురక్ష బీమాలు. మొదటిది ఏ కారణంతో పోయినా రెండు లక్షలు ఇస్తుంది, రెండోది ప్రమాదంలో పోతే మరో రెండు లక్షలు. చాలా ఇళ్లలో ఆ వరసలు ఎవరూ చూడరు. పీఎఫ్ ఉన్న ఉద్యోగి అయితే ఈడీఎల్ఐ బీమా కింద గరిష్ఠంగా 7 లక్షల దాకా వస్తుంది. పింఛను పథకంలో భార్యతో పాటు ఇద్దరు పిల్లలకు 25 ఏళ్లు నిండేదాకా, ఆమె పింఛనులో చెరో పాతిక శాతం విడిగా వస్తుంది. ఇంటి రుణం తీసుకునేటప్పుడు బ్యాంకు బీమా కట్టించుకుందేమో అడగండి. తెలంగాణ రైతు అయితే 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న పట్టాదారుకు రైతు బీమా 5 లక్షలు. రోడ్డు ప్రమాదమైతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దరఖాస్తు ఆరు నెలల్లోపు వేయాలని ఇప్పటి చట్టం. అక్కడ వచ్చే పరిహారంలో పిల్లల వంతును ట్రిబ్యునలే సాధారణంగా ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయిస్తుంది.

నామినీ గురించి ఇళ్లలో పెద్ద గొడవలవుతాయి. పెళ్లికి ముందు తీసుకున్న పాలసీలో, ఖాతాలో అమ్మ పేరు నామినీగా ఉండిపోతుంది. బ్యాంకు డబ్బు విషయంలో నామినీ తీసుకుని వారసులకు అప్పజెప్పాల్సిన మనిషి మాత్రమే. షేర్లకూ అంతేనని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు నామినీలైతే ఆ డబ్బుకు వాళ్లే లబ్ధిదారులన్న మాట చేరింది. దాని అర్థం మీద కోర్టు తీర్పులు ఇప్పటికీ ఒక దారిలో లేవు. కాబట్టి అత్తగారి చేతికి బీమా చెక్కు వచ్చిన రోజే, "అత్తయ్యా, పిల్లల పేరున ఎంత వేద్దాం?" అని కూర్చుని మాట్లాడుకోవడం కోర్టుకన్నా మేలు. కొడుకు పోయిన తల్లి దుఃఖం కోడలి దుఃఖం కన్నా చిన్నది కాదు. ఆ గౌరవం ఇచ్చి మాట్లాడితే మనవల కోసం చాలామంది అవ్వలు చేయి అందిస్తారు.

అప్పులవాళ్లు కూడా ఆ రోజుల్లోనే వస్తారు. వాకిట్లో నిలబడి, "తండ్రి అప్పు కొడుకు తీర్చాలి, ధర్మం" అంటారు. 2005 సవరణ తర్వాత చేసిన అప్పులకు, కొడుకన్న ఒక్క కారణంతో ఎవరినీ బాధ్యుణ్ణి చేయడం కుదరదు. వారసులకు ఎంత ఆస్తి వచ్చిందో అంతవరకే బాధ్యత. తల్లి సొంత జీతంలోంచి, ఆమె పుట్టింటి పొలంలోంచి తీర్చాల్సిన పనిలేదు. నిజమైన అప్పు తీర్చాల్సిందే. అయితే అసలు ప్రోనోటు చూపించమనండి, సంతకం, తేదీ, అప్పటికే కట్టిన జమలు చూడండి. ప్రోనోటు మీద దావాకు గడువు మూడేళ్లు. పాత నోటు తిరగరాసి తల్లి చేత కొత్త సంతకం తీసుకున్నారంటే, అప్పు ఆమె మెడకు చుట్టుకున్నట్టే. ఆ సంతకం పెట్టకండి.

అమ్మాల్సి వస్తే

చదువుకో, వైద్యానికో, అప్పుకో ఆస్తి అమ్మక తప్పని పరిస్థితి రావచ్చు. ఇక్కడ ఎక్కువమంది చేసే పని, తల్లి తన తరఫునా, మైనరు పిల్లల సంరక్షకురాలిగానూ సంతకం పెట్టి రిజిస్ట్రేషన్ చేసేయడం. రిజిస్ట్రేషన్ కూడా అయిపోతుంటుంది. రిజిస్టరైనంత మాత్రాన అది పిల్లల మీద చెల్లుతుందని కాదు.

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం సెక్షన్ 8 చూడండి. సహజ సంరక్షకులు, అంటే తండ్రి, ఆయన తర్వాత తల్లి, మైనరు స్థిరాస్తిని కోర్టు ముందస్తు అనుమతి లేకుండా అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, దానమివ్వకూడదు, మార్పిడి చేయకూడదు. అయిదేళ్లకు మించి, లేదా పిల్లవాడు మేజరయ్యాక ఏడాది దాటేలా కౌలుకో లీజుకో ఇవ్వకూడదు. అనుమతి లేని అమ్మకాన్ని పిల్లలు మేజరయ్యాక రద్దు చేయించుకోవచ్చు. తాత, బాబాయి, మేనమామ ఎంత ప్రేమగా పెంచుతున్నా, కోర్టు నియమించకుండా వాళ్లకు పిల్లల ఆస్తి అమ్మే అధికారం లేనే లేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన పిల్లలుంటే, పెంచుతున్నవాళ్లు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద నియామకం తెచ్చుకోవాలి.

కోర్టు అనుమతి అనగానే భయపడతారు. వకీలు ద్వారా ఓపీ, అంటే కోర్టు పిటిషను, వేస్తారు. అందులో ఆస్తి వివరం, సరిహద్దులు, ఇప్పటి ధర, ఎందుకు అమ్మాలి, వచ్చిన డబ్బును పిల్లల కోసం ఎలా దాస్తారు అన్నవి రాయాలి. అవసరం ఉందనో, పిల్లలకు స్పష్టమైన మేలు ఉందనో కోర్టుకు నమ్మకం కలగాలి. కాబట్టి "కుటుంబ అవసరాలకు" అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. కాలేజీ ఫీజు రసీదు, ఆసుపత్రి బిల్లు, బ్యాంకు నోటీసు జతచేయండి. అనుమతి ఇచ్చేటప్పుడు పిల్లల వాటా డబ్బును జాతీయ బ్యాంకులో మేజరయ్యేదాకా డిపాజిట్ చేయమని షరతు పెట్టడం మామూలు. కొన్ని నెలలు పడుతుంది. కొనేవాడికి ఆ నెలలు ఆగే ఓపిక లేకపోతే వేరేవాణ్ణి చూసుకోండి. అనుమతి లేని ఆస్తి అని ధర తగ్గించి కొనేవాళ్లుంటారు, ఆ తగ్గింపును మోసేది పిల్లలు.

డబ్బు లేదని ఆగనక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకూ పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ఫోనులో అయితే 15100.

పిల్లల డబ్బును తల్లి వాడకూడదా? వాడాలి. ఆ పిల్లల తిండి, చదువు, వైద్యం కోసం కౌలు డబ్బు, అద్దె, వడ్డీ ఖర్చుపెట్టడం సంరక్షకురాలి పనే. పిల్లల పేరున వేరే ఖాతా తెరిచి, ఆ రాబడి అందులోనే పడేలా చూడండి. ఒక నోటు పుస్తకం పెట్టి తేదీ, మొత్తం, ఎందుకన్నది రాయండి. తర్వాత మళ్లీ పెళ్లి చేసుకున్నా భర్త ఆస్తిలో ఆమెకు వచ్చిన వాటా పోదు, హిందూ తల్లికి సంరక్షకత్వమూ దానంతటది పోదు. కానీ కొత్త భర్తకు ఆ పిల్లల ఆస్తి మీద ఏ అధికారమూ రాదు. అత్తింటివారి అనుమానం తీర్చేది ఆ పుస్తకమే. మళ్లీ పెళ్లి ఆలోచన ఉన్నవాళ్లు దాన్ని ఇంకా శ్రద్ధగా రాయాలి.

పిల్లవాడికి పద్దెనిమిది నిండగానే ఆ పుస్తకం, డిపాజిట్ రసీదులు, దస్తావేజుల నకళ్లు చేతికివ్వండి. తన పేరున ఏముందో కూర్చోబెట్టి చెప్పండి. మీరు కూడా ఈ పాటికి వీలునామా రాసి ఉండాలి. హిందూ తల్లి గానీ తండ్రి గానీ, తామిద్దరూ లేకుండా పోతే పిల్లలకు సంరక్షకులెవరో అందులో పేరు పెట్టవచ్చు.

ఇది చదువుతున్న మీరే ఆ పిల్లలై ఉండవచ్చు. మీ చిన్నప్పుడు మీ వాటాను కోర్టు అనుమతి లేకుండా అమ్మేశారని తెలిస్తే, దాన్ని రద్దు చేయించే దావాకు గడువు మీరు మేజరైన నాటి నుంచి మూడేళ్లు. అంటే ఇరవై ఒకటి నిండేలోగా. ఆస్తి లావాదేవీలు చూపే ఈసీ తీయించి, అమ్మకం దస్తావేజు నకలు పట్టుకుని ఈ వారమే ఒక వకీలును కలవండి.